అక్టోబర్ 25కి ఒక పేరు కావాలి

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేయండి. తలెత్తితే ఫ్లెక్సీలే. జావా, పైథాన్, డెవాప్స్, డేటా సైన్స్... ప్రతి కోర్సు పేరు కింద ఇంకో లైన్ ఉంటుంది: 'బై ఫలానా సార్, ఇన్నేళ్ల రియల్‌టైమ్ ఎక్స్‌పీరియన్స్'. ఇక్కడ కోర్సు కన్నా సార్ పేరే పెద్ద ఫాంట్. డెమో క్లాసుకి వెళ్లేవాళ్లు ముందు అడిగేది కూడా అదే, ఎవరు చెప్తున్నారు అని. సార్ ఇన్‌స్టిట్యూట్ మారితే సగం బ్యాచ్ ఆయన వెనకే రోడ్డు దాటేస్తుంది.

దీనికి పూర్తి రివర్స్‌లో జరిగిన కథ ఒకటుంది. ఒకాయన పన్నెండు ఫాంటసీ సీరియళ్లు రాశారు. 1954లో మొదలుపెట్టి 70ల చివరిదాకా. పిల్లలు, పిల్లల వంకతో పెద్దవాళ్లు నెలనెలా పోస్ట్‌మేన్ కోసం కాచుక్కూర్చుని చదివారు. తెలుగులో పుట్టిన ఆ కథలు ఇతర భాషల్లోకీ వెళ్లాయి. కానీ ఆ పేజీల మీద ఎక్కడా 'బై' అన్న ముక్క లేదు.

తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. ఇందులో కనీసం రెండు పేర్లు మీ ఇంట్లో పెద్దవాళ్ల ముందు అని చూడండి. మొహం మారుతుంది. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల పోరు మొదలుపెట్టి అన్నం చల్లారేదాకా ఆపరు. 'ఇంతకీ రాసిందెవరు?' అని అడగండి. 'చందమామ' అంటారు. పత్రిక పేరు చెప్తారు, మనిషి పేరు చెప్పరు.

ఆ మనిషి దాసరి సుబ్రహ్మణ్యం. 1932 అక్టోబర్ 25న పుట్టారు, గుంటూరు జిల్లా మనిషి. 1952లో మద్రాసు వెళ్లి చందమామలో చేరారు, 2006 దాకా అక్కడే ఉన్నారు. యాభై ఏళ్లు దాటి ఒకే ఆఫీసు! మా ఫీల్డ్‌లో మూడో ఏడు నడుస్తుంటే చాలు, 'ఇంకా అక్కడే ఉన్నావా' అని జాలిగా చూస్తారు. 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు.

మా నలుగురైదుగురి బ్యాచ్ ఒకటుంది. కొందరు అమీర్‌పేట హాస్టళ్లలో, కొందరు పంజాగుట్ట సందుల్లోని షేరింగ్ ఫ్లాట్లలో. అందరికీ ఫాంటసీ పిచ్చి. హ్యారీ పాటర్‌తో మొదలై, డ్రాగన్ల సిరీస్‌లన్నీ నమిలేసి, చివరికి ఒకడి నాన్న బైండు చేయించి దాచిన చందమామ పేజీల దగ్గర తేలాం. అప్పట్లో సీరియల్ పేజీలు జాగ్రత్తగా విప్పి, వరసగా పేర్చి, బైండు కుట్టించుకునేవాళ్లు. అంటే పత్రిక పుస్తకం వేయకపోయినా పాఠకులే వేసుకున్నారన్న మాట. ఆ బైండు చేతులు మారాక పుట్టిన ఆలోచనే ఇది: ఏటా అక్టోబర్ 25ని ఆయన రోజుగా జరుపుకుందాం.

ఇలాంటివి లోకంలో ఉన్నాయి. 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ' రాసిన డగ్లస్ ఆడమ్స్ 2001 మే 11న చనిపోతే, సరిగ్గా రెండు వారాలకి, మే 25న, ఫ్యాన్స్ 'టవల్ డే' పెట్టేశారు. ఆయన పుస్తకంలో తువ్వాలుకి ఉన్న గొప్పతనాన్ని తల్చుకుంటూ ఆ రోజంతా భుజాన తువ్వాలు వేసుకుని తిరుగుతారు. గవర్నమెంట్ జీవో లేదు, కమిటీ లేదు. టోల్కీన్ అభిమానుల సంఘం 2003 నుంచి మార్చి 25న ఆయన పుస్తకాలు చదివే రోజు జరుపుతోంది. కథలో దుష్టశక్తి కూలిపోయిన తేదీ అది. టెర్రీ ప్రాచెట్ అభిమానులు ఆయన 'నైట్ వాచ్' నవల్లోలాగే మే 25న లైలాక్ పూలు పెట్టుకుంటారు. మే 25, మార్చి 25, మళ్లీ మే 25, మనది అక్టోబర్ 25. ఫాంటసీకీ ఈ అంకెకీ ఏదో మంత్రం ఉంది, బ్రహ్మదండి మాంత్రికుణ్ణే అడగాలి.

మనకూ రోజులు లేకపోలేదు. గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం. అవి ప్రభుత్వాల లెక్కలో ఉన్నాయి, ఉండాలి కూడా. రాక్షసుల కథలు రాసినాయనకి సర్కారు రోజు అక్కర్లేదు. చదివినవాళ్లు చాలు.

అంతా బాగానే ఉంది, పేరు దగ్గర ఆగిపోయాం. పంజాగుట్టలో టీ తాగుతూ రెండు సాయంత్రాలు దీనికే పోయాయి.

మొదట 'దాసరి డే' అన్నారు. హైదరాబాద్‌లో దాసరి అంటే ఎవరు? దాసరి నారాయణరావు. ఆయన పుట్టినరోజు మే 4ని సినిమావాళ్లు డైరెక్టర్స్ డేగా జరుపుకుంటున్నారు. కృష్ణానగర్ ఇక్కణ్ణుంచి కూతవేటు దూరం, కాబట్టి ఆ పేరు బుక్ అయిపోయినట్టే. సరే 'సుబ్రహ్మణ్యం డే' అందామంటే జనం పాటలు పాడటం మొదలుపెడతారు, బాలు గారనుకుని. 'తోకచుక్క దినం' అన్నాడొకడు. వాడికి తోకచుక్క అపశకునమని ఒకరు, 'దినం' అంటే మా ఊళ్లో పోయినవాళ్లకి పెట్టేదిరా అని ఇంకొకరు తగులుకున్నారు. ఆ మాట నిజమే. పుట్టినరోజుని దినం చేయడం బాగోదు.

నవ్వుకున్నాం గానీ, ఆలోచిస్తే ఇది చిన్న సంగతి కాదు. ఆయన రాసినన్నాళ్లూ పేజీ మీద పేరు లేదు. ఇప్పుడు పేరు తెలిశాక చూస్తే అందులో ఒక సగం ఒక పెద్దాయనది, ఇంకో సగం మరో పెద్దాయనది. అందుకే నా ఓటు పొడుగు పేరుకే: 'దాసరి సుబ్రహ్మణ్యం రోజు'. హ్యాష్‌ట్యాగ్‌కి కుదరదని మా వాళ్ల గొడవ. కుదరకపోతే పోనీ. ఈ రోజు పెట్టేదే ఆ రెండు మాటలూ కలిపి పలకడానికి కదా.

మాలో ఒకడు మాత్రం అసలు ఐడియానే వద్దన్నాడు. వాడి పాయింట్ కొట్టిపారేసేది కాదు. చందమామ ఒక వర్క్‌షాప్ లాంటిది అంటాడు వాడు. కొడవటిగంటి కుటుంబరావు అంతటి రచయిత 1952 నుంచి 1980లో పోయేదాకా అక్కడ పని చేశారు, పేరు లేకుండానే బోలెడు రాశారు. ఒకరు రాస్తే ఒకరు దిద్దారు, ఒకరు బొమ్మ వేశారు. జీతం తీసుకుని టీమ్‌గా చేసిన పనిలో ఒక్కణ్ణి హీరో చేయడమేంటి? మనం ఆఫీసులో రాసే కోడ్ మీద మన పేరు ఉంటుందా?

యాప్ స్క్రీన్ మీద ఉండదు, ఒప్పుకుంటా. కానీ కమిట్ హిస్టరీలో ఉంటుంది. ఏ లైన్ ఎవరు రాశారో ఒక్క కమాండ్‌తో తెలుస్తుంది, పదేళ్ల తర్వాతైనా. తెలిస్తే తిట్టుకునేది ఎక్కువ అనుకోండి, అది వేరే విషయం. టీమ్ పని అంటే పేర్లు చెరిపేయడం కాదు, అందరి పేర్లూ ఉండటం. పైగా చందమామలోనే చూడండి, బొమ్మల కింద సంతకాలున్నాయి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడిచే బొమ్మ చూడగానే శంకర్ అంటాం. దాసరి గారి సీరియళ్లకి బొమ్మలేసిన చిత్రా సంతకం పేజీ మూలలో కనబడుతూనే ఉంటుంది. బొమ్మకి ఉన్న మర్యాద పక్కనున్న అక్షరానికి లేకపోయింది. అందుకే అక్షరం రాసినాయనకి ఒక రోజు. అలాగని చిత్రాని పక్కన పెట్టలేం. ఆయన బొమ్మ లేకుండా ఆ రాక్షసులు ఎవరికీ గుర్తుండేవాళ్లు కారు. కాబట్టి చదివేటప్పుడు పేజీ తిప్పి బొమ్మ అందరికీ చూపించాలని ఒక రూల్ పెట్టుకున్నాం.

పుస్తకాల మాటకొస్తే, ఆ సీరియళ్లు తర్వాత ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. వేసింది మన హైదరాబాద్‌లోని వాహినీ బుక్ ట్రస్ట్. ఇది పాత చందమామల్ని ప్రాణంగా చూసుకునే పాఠకుల పట్టుదల వల్ల అయిన పని. మా తరం చేసిందేమీ లేదు, పీడీఎఫ్ ఫార్వర్డ్ చేసుకోవడం తప్ప.

చదవని వాళ్లకి ఒక మాట. వీటిలో ఇద్దరు కుర్రాళ్లు జంటగా తిరుగుతుంటారు. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. దారిలో అడవి, అడవిలో మాంత్రికుడు, మాంత్రికుడికి ఇంకో మాంత్రికుడితో పాత పగ. పురాణం కాదు, నీతికథ కాదు. చందమామ పెట్టిన నాగిరెడ్డి-చక్రపాణులే 1951లో పాతాళభైరవి తీశారని గుర్తు చేసుకుంటే ఆ గాలి ఎటునుంచి వీచిందో అర్థమవుతుంది. భాష సులువు. ఎనిమిదో తరగతి తర్వాత తెలుగు పుస్తకం ముట్టని మా రూమ్మేట్ ఒక్క రాత్రిలో సగం లాగించాడు.

నాకు అక్కడే అభ్యంతరం. ఒక్క రాత్రిలో లాగించేవి కావవి. నెలకో భాగం చొప్పున వచ్చినవి. ప్రతి భాగం చివర ఎవరో లోయలో పడిపోతుంటారు, లేదా చెట్టు మీద నుంచి ఏదో దూకుతుంటుంది. ఆ తర్వాత ముప్పై రోజులు ఆగాలి. అన్ని ఎపిసోడ్లూ ఒకేసారి వదిలే రోజుల్లో పెరిగిన మనకి ఆ ముప్పై రోజుల రుచి తెలియదు. అందుకే అక్టోబర్ 25న ఒక్క భాగమే పైకి చదవాలి. సస్పెన్స్ దగ్గర పుస్తకం మూసేయాలి. 'తర్వాతేమైంది' అని ఎవరడిగినా చెప్పకూడదు. కావాలంటే పుస్తకం కొనుక్కుంటారు, లేకపోతే తాతయ్యకి ఫోన్ చేస్తారు. రెండూ మంచిదే.

వేదిక, శాలువా, జ్యోతి ప్రజ్వలన ఏవీ వద్దని ఏకగ్రీవంగా తీర్మానించాం. స్టేటస్‌లో ఫొటో పెట్టి 'ఘన నివాళి' అని రాయడం నాకైతే అస్సలు ఇష్టం లేదు. చదవకుండా పెట్టే నివాళి ఎవరికి చేరుతుంది?

చోటు గురించి ఇంకా వాదన నడుస్తోంది. మెట్రోలో అమీర్‌పేట నుంచి చదువుకుంటూ పోదామని ఒకడి కోరిక. పక్క స్టేషనే పంజాగుట్ట, రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది, మాంత్రికుడు మంత్రం పూర్తి చేసేలోపు డోర్లు తెరుచుకుంటాయి. పైగా డ్యూటీ చేసి అలిసిపోయి నిలబడ్డవాళ్ల చెవిలో రాక్షసుడి అరుపులు న్యాయం కాదు. హాస్టల్ టెర్రస్ అయితే నయం. వాచ్‌మన్ అన్నకి ముందే చెప్పాలి, ఆయన కూతుర్ని కూడా తీసుకురమ్మని. ఆ పాప నాలుగో తరగతి, ఈ గుంపులో అసలైన పాఠకురాలు తనే.

2032 అక్టోబర్ 25కి ఆయన పుట్టి వందేళ్లు. ఏడాదికో సీరియల్ చొప్పున పరిచయం చేసినా అప్పటికి పన్నెండూ పూర్తి కావు, కాబట్టి ఒక్క టెర్రస్ సరిపోదు. అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌లు వదిలాక, రాత్రి ఎనిమిదిన్నరకి మొదలు. చదివేవాళ్లు ముందు కథ పేరు, తర్వాత 'రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం, బొమ్మలు చిత్రా' అని గట్టిగా చెప్పి మొదలుపెట్టాలి. తోకచుక్క మొదటి భాగం మా దగ్గరుంది. రాకాసిలోయ బైండు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే దించి దుమ్ము దులపండి.