సెలవులు బడికే గానీ ఆకలికి కాదు

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే విశాఖలో ఏ గోడ చూసినా వేసవి శిబిరం పోస్టరే. ఈత, స్కేటింగు, కరాటే, డ్రాయింగు... ఫీజులేమో వేలల్లో. పైసా తీసుకోకుండా స్టేడియాల్లో, గ్రంథాలయాల్లో నడిపే శిబిరాలూ వున్నాయి. మంచిదే. గుంటలు రోజంతా సెల్లు పట్టుకొని కూకునే కన్నా నలుగురితో కలిసి ఆడుకోడం నయం కదా. కానీ ఒక్క మాట అడగాలి. ఈ శిబిరాలకి ఎవరి పిల్లలు వస్తన్నారు? ఎవరి పిల్లలు రావట్లేదు?

జవాబు కావాలంటే ఉచిత శిబిరం మొదలైన రోజునే వెళ్లి గుమ్మం కాడ నిలబడాలి. బ్యానరు కట్టుంటాది, పెద్దమనుషులొచ్చి దీపం వెలిగిస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ సందడిని కాసేపు ఒగ్గేసి, పేదపేటల నుంచి వచ్చిన పిల్లలు ఏటి అడుగుతున్నారో వినండి. 'అన్నం పెడతారా?' అని ఒకడు అడుగుతాడు. 'ఎన్నింటికి ఒదుల్తారు?' అని ఇంకొకడు. సంకలో తమ్ముణ్ణి ఎత్తుకొచ్చిన గుంట ఏమో 'వీణ్ణి కూడా కూకోబెట్టుకోవచ్చా?' అంటాది. ఏటి నేర్పిస్తారని అడిగేది వీటి తర్వాతే. ఈ మూడు ప్రశ్నలకీ శిబిరం దగ్గర జవాబు లేకపోతే మర్నాటికి ఆ పిల్లలు కనబడరు. 'శ్రద్ధ లేదండీ వీళ్లకి' అని మనం తీర్పు చెప్పేస్తాం.

ముందు అన్నం సంగతి చూద్దాం. 2025లో మన బడులకి ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులిచ్చారు. అంటే 49 రోజులు. ఇప్పుడు చేపలరేవు క్యాలెండరు పక్కన పెట్టండి. తూర్పు తీరంలో మరబోట్ల వేటకి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం వుండాల్సిందే, కాదనలేం. కానీ రెండు క్యాలెండర్లూ కలిపి చూస్తే ఏటి కనబడతాది? జాలరిపేటలో తండ్రికి వేట ఆగిపోయిన రోజుల్లోనే బిడ్డకి బడిలో అన్నం, గుడ్డు, చిక్కీ కూడా ఆగిపోతన్నాయి. ఇంట్లో సంపాదన లేని నెలల్లోనే ఇంట్లో తినే నోళ్లు పెరుగుతున్నాయి.

పరిహారం ఇస్తున్నారు కదా అనొచ్చు. 2025లో దాన్ని 20 వేలకి పెంచారు, సంతోషం. 61 రోజులకి పంచి చూడండి, రోజుకి 330 రూపాయలు కూడా పడదు. అందులోనే ఇంటిల్లిపాదీ బతకాలి. పైగా ఆ లెక్క బోటెక్కే మగోళ్లది. తట్ట నెత్తినెట్టుకొని వీధి వీధీ తిరిగి చేపలమ్మే ఆడోళ్లకీ, రేవులో ఐసు మోసే కూలీకీ వేట లేకపోతే పనీ లేదు. గాజువాక వైపు వెళ్తే ఇంకో కథ. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని పోయిన ఇళ్లలో ఏ నెలైనా గడ్డు నెలే.

సెలవుల్లో బడి భోజనం పెట్టడమనేది కొత్తగా పుట్టిన కోరిక కాదు. బడుల్లో వండిన అన్నం పెట్టాలనీ, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలనీ సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న చెప్పింది. 2004 ఏప్రిల్ 20న ఇంకో అడుగు ముందుకేసి, కరువు ప్రాంతాల్లో ఎండాకాలం సెలవుల్లో కూడా భోజనం పెట్టాలంది. కరువంటే పొలం ఎండిపోవడం ఒక్కటేనేటి? 61 రోజులు వేట లేని రేవుకి అది కరువు కాక ఇంకేటి? వాన రాకపోతే కరువంటాం. సర్కారే వేట ఆపితే దానికి పేరు పెట్టడం మర్చిపోయాం.

రెండో ప్రశ్న, 'ఎన్నింటికి ఒదుల్తారు?' ఆ గుంటడు అడిగేది ఆటకి పోవాలని కాదు. ఎండాకాలం ఆర్కే బీచికి జనం పోటెత్తుతారు. సాయంత్రమయ్యేసరికి బుడగలమ్మాలి, అమ్మ పెట్టిన మొక్కజొన్న పొత్తుల బండి కాడ విసనకర్ర పట్టుకోవాలి. ఇంకొకడు మెకానిక్ షెడ్డులో స్పానర్లు అందిస్తాడు. ఇది తప్పని చట్టం చెప్పదా అంటే, అక్కడే వుంది మెలిక. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదన్నారు. కానీ ప్రమాదం లేని పనైతే సొంత కుటుంబానికి బడి అయ్యాకా, సెలవుల్లోనూ సాయం చెయ్యొచ్చని వెసులుబాటు ఇచ్చారు. అమ్మకి చెయ్యందిస్తే నేరమా అని అడిగితే కాదనే అంటాం. అయితే సాయం ఎక్కడ ఆగుతాదో, పని ఎక్కడ మొదలవుతాదో చూసేదెవరు? బడి తెరిచుంటే హాజరు పట్టీ అయినా వుంటాది. సెలవుల్లో అదీ లేదు. మెకానిక్ షెడ్డు సొంత కుటుంబానిది కాకపోయినా 'మావయ్య షెడ్డేనండీ' అంటే సరిపోతాది. జూన్ 12న బడి తెరిచేసరికి కొందరికి చేతిలో నాలుగు డబ్బులు ఆడ్డం అలవాటైపోతాది. బడి మానేసే పిల్లోడు ఒక్క రోజులో మానడు. ఎండాకాలంలో జారడం మొదలుపెడతాడు.

మూడోది తమ్ముడి గొడవ. ఇది ఆడపిల్లల ప్రశ్న. అమ్మ పాచిపనికో, అమ్మకానికో వెళ్తే ఇంట్లో చిన్నాడికి అమ్మ ఈ పదేళ్ల గుంటే. బడి రోజుల్లో కాస్త ఊపిరాడతాది, సెలవులొస్తే పూర్తికాలం డ్యూటీ. 'ఒక్కళ్లే రండి' అనే శిబిరం ఆమెకి తలుపేసినట్టే.

ఇవన్నీ ఎవరూ చెయ్యలేని పనులా? మన తెలుగు నేల మీదే చేసి చూపించారు. 1980ల్లో ప్రొఫెసర్ శాంతా సిన్హా హైదరాబాదులో శ్రామిక్ విద్యాపీఠం తరఫున వెట్టి నుంచి విడిపించిన పిల్లలకి శిబిరం పెట్టి, బడికి సిద్ధం చేశారు. తర్వాత ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో ఆ పనిని విస్తరించింది. 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది. ఆ శిబిరాలు బొమ్మలేయించి సర్టిఫికెట్టిచ్చి పంపేసినవి కావు. పనిలో వున్న పిల్లోణ్ణి బడి బెంచీ దాకా నడిపించిన వంతెనలు. అక్కడ తిండికి తిండి, ఆటకి ఆట, చదువుకి చదువు.

విశాఖకి కావాల్సింది అలాంటివే. రేవు కాడ, జ్ఞానాపురంలో, గాజువాక వాడల్లో పేటలోనే వున్న సర్కారు బడి తెరవండి. ఈ ఉక్కపోతలో పొద్దున్న ఏడింటికి మొదలెట్టి పదింటికి ఆపేసి, అన్నం పెట్టి పంపండి. పక్కనే అంగన్‌వాడీలో తమ్ముడికి చోటివ్వండి. వండే అమ్మలు ఆ పేటలోనే వున్నారు, సెలవుల్లో వాళ్లకీ పని లేదు. పాఠాలు రుద్దక్కర్లేదు. కథల పుస్తకాలు, ఆటలు, మర్చిపోకుండా నాలుగు లెక్కలు చాలు. టీచర్లకి సెలవులు పోగొట్టమని కాదు, చదువుకొని ఖాళీగా వున్న కుర్రాళ్లు పేట పేటకీ వున్నారు. వాళ్లకి గౌరవంగా జీతం ఇచ్చి పెట్టుకోండి, ఊరికే చాకిరీ చేయించకండి.

సెలవుల్లో కూడా బడేనా, పిల్లల్ని ఆడుకోనివ్వరా అని కొందరు అంటారు. ఆడుకోనివ్వాలనే ఈ గోలంతా. కడుపు నిండినోడికే ఆట, చంకలో బిడ్డ లేని గుంటకే తొక్కుడుబిళ్ల.

అందుకని ఈసారి శిబిరం మొదలైన రోజు ఎంతమంది వచ్చారని లెక్క రాసుకునేటప్పుడు, పక్కనే ఇంకో కాగితం పెట్టుకోండి. ఆ పేట బడి హాజరు పట్టీలో పేరుండి, శిబిరానికి రాని పిల్లలెవరో అందులో రాయండి. సాయంత్రానికి ఆ ఇళ్లకి వెళ్లండి. ఆ గుంటలు ఆ పాటికి ఏ పనిలో వున్నారో కళ్లారా చూస్తే, మర్నాడు శిబిరం ఎలగ నడపాలో ఎవరూ చెప్పక్కర్లేదు.