డ్రావెక్కీగారి ఎడమచెయ్యి

మన పల్లెల్లో క్రికెట్ ఎరుగని పిల్లవాడు లేడు గాని, బేస్‌బాల్ చూచినవారు అరుదు. అమెరికావారికి ఆ ఆటంటే ప్రాణము. అందులో బంతిని నేలకు తాకించరాదు. పరుగెత్తి వచ్చి విసరుట కూడ లేదు. అరవై అడుగుల పైచిలుకు దూరములో నిలబడి, నేరుగా బ్యాటు పట్టినవాని వైపు విసరాలి. అలా విసిరేవానిని పిచ్చర్ అంటారు. రైతుకు పొలమెంతో పిచ్చర్‌కు చెయ్యి అంత.

డేవ్ డ్రావెక్కీగారు ఎడమచేతి పిచ్చర్. 1956లో ఒహాయో రాష్ట్రములోని యంగ్స్‌టౌన్‌లో పుట్టారు. చిన్న లీగులలో ఆడుతున్న రోజుల్లోనే, టెక్సాస్‌లో, తనతో ఒకే గదిలో ఉన్న ఆటగాని సాక్ష్యమువలన ప్రభువును తెలిసికొన్నారు. 1982లో శాన్ డియాగో జట్టుతో పెద్ద లీగులో అడుగుపెట్టి, 1987లో శాన్ ఫ్రాన్సిస్కో జయింట్స్ జట్టుకు మారారు.

ఆ చేతిలోనే గడ్డ లేచింది. క్యాన్సర్ అన్నారు. 1988 అక్టోబరు 7న శస్త్రచికిత్స చేసి భుజము పైకండరములో సగము తీసివేశారు. అద్భుతము జరిగితే తప్ప ఇక బంతి విసరలేరని వైద్యుల మాట. అయినా పది నెలలు ఓపికగా సాధన చేసి, 1989 ఆగష్టు 10న సొంత మైదానములో మళ్ళీ బంతి పట్టారు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సిన్సినాటి జట్టుపై జయింట్స్ 4-3తో గెలిచారు.

కథ ఇక్కడ ఆగితే మన సాక్ష్యపు కూటములకు ఎంత బాగుండేది! ఐదు రోజులకే, మాంట్రియల్‌లో బంతి విసురుతుండగా ఆ చెయ్యి ఎముక ఫెళ్ళున విరిగింది. అక్టోబరులో జట్టు గెలుపు సంబరములో మళ్ళీ విరిగింది. గడ్డ తిరిగి వచ్చింది. ఆయన ఆట విరమించారు. ఆపరేషన్లు, రేడియేషన్, మానని పుండు. చివరకు 1991 జూన్ 18న చేతిని భుజముతో సహా తీసివేయవలసి వచ్చింది.

మరి ఆగష్టు 10న ఉన్న విశ్వాసము ఆగష్టు 15న లేకపోయిందా? మన సంఘాలలో రోగి మంచము దగ్గరకు వెళ్ళి, "మీ ప్రార్థన చాలలేదమ్మా", "ఏదో దాచిన పాపముంది" అనేవారున్నారు. పండ్లు తీసుకొని వెళ్ళినా ఆ మాటతో ఇల్లంతా చేదవుతుంది. అట్టివారు వెళ్ళకుండుటే మేలని మేమంటాము. పౌలు అపొస్తలుడు ముమ్మారు వేడుకొన్నా ముల్లు తొలగలేదు గదా (2 కొరింథీ. 12). ఆయనకు విశ్వాసము తక్కువని ఎవరంటారు?

డ్రావెక్కీగారు తాను నవ్వుతూ అంతా సహించానని చెప్పుకోలేదు. దిగులులో మునిగానని, కోపము వచ్చిందని దాచకుండా ఒప్పుకొన్నారు. భార్య జాన్‌గారు కూడ మానసికముగా క్రుంగిపోయారు. తరువాత ఆ దంపతులిద్దరే క్యాన్సర్ రోగులను, అవయవాలు కోల్పోయినవారిని ఆదరించే పరిచర్య మొదలుపెట్టారు.

1990లో వచ్చిన ఆయన పుస్తకము పేరు 'కమ్‌బ్యాక్', అనగా తిరిగి వచ్చుట. 1992లో భార్యతో కలిసి వెలువరించినదానికి 'తిరిగి రాలేనప్పుడు' అనే అర్థము వచ్చే పేరు పెట్టారు. మన ఇండ్లలో ఈ రెండవదానికే ఎక్కువమంది పాఠకులుంటారని మాకు తోచుచున్నది.