రెండు షిఫ్టులెందుకున్నాయి?

పదో తరగతి సెలవుల్లో కామారెడ్డి పోయి టైపు నేర్చుకొమ్మని మా బాపు ఒకటే పోరు. మాచారెడ్డిలో మా పెద్దనాన్న కొడుకు అప్పటికే టైపు లోయర్ పాసయ్యాడు మరి. నేను పోలేదు. ఇంజనీరింగ్ చదివేవాడికి టైపెందుకని నా తెలివి! ఉద్యోగంలో చేరి రోజంతా కోడు కొట్టీ కొట్టీ ఎడమ చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా లాగడం మొదలయ్యాక ఆ తెలివి దిగింది.

మొన్న దసరాకి ఇంటికెళ్తే, నేను కొడుతుంటే అన్న చూసి ఒకటే అడిగాడు, "రెండు షిఫ్టులు ఎందుకిచ్చిండ్రనుకున్నవ్‌రా?"

నిజమే, నేను కుడి షిఫ్టు ముట్టుకున్న పాపాన పోలేదు. స్టారు, బ్రాకెట్లయితే ఫర్వాలేదు, అవి కుడిచేతివి. కానీ హ్యాషూ, డాలరూ ఎడమచేతి అంకెల మీదుంటాయి. చిటికెన వేలు కింద షిఫ్టు మీద, అదే చేతి చూపుడు వేలు పైన 4 మీద... రోజుకు ఎన్నిసార్లో! టైపు మిషన్లో షిఫ్టు నొక్కితే లోపలి బరువు కదలాలి. అందుకే అక్షరం ఒక చేత్తో, షిఫ్టు రెండో చేత్తో అని మొదట్లోనే నేర్పిస్తారు. మన మెత్తటి కీబోర్డు ఆ తప్పును భరిస్తుంది, వేలు భరించదు.

ఇక కుడి చిటికెన వేలి కష్టం వేరే. సెమికోలన్, కోట్లు, స్క్వేరు బ్రాకెట్లు, ఫ్లవర్ బ్రాకెట్లు, స్లాషు, ఎంటరు, బ్యాక్‌స్పేసు అన్నీ దాని నెత్తినే. 1870ల్లో షోల్స్ క్వర్టీని ఉత్తరాల కోసం చేశాడు గానీ జావాస్క్రిప్టు కోసం కాదు కదా. ఇక్కడ నేను అన్న మాట వినను. వేలు సాగదీయకుండా చెయ్యి మొత్తం లేపి, బ్రాకెట్లను ఉంగరం వేలితో కొడుతున్నాను. మూసే బ్రాకెట్టును ఎడిటరే వేసుకుంటుంది.

తెలుగులోనూ ఇదే గోల. ఆర్‌టీఎస్‌లో ట, డ, ణ, ళ అన్నిటికీ షిఫ్టే. ఇన్‌స్క్రిప్టులో ట, డలకు షిఫ్టు అక్కర్లేదు, కానీ అవి మళ్లీ కుడి చిటికెన వేలికే పడతాయి!

నొప్పి ఎక్కువున్న రోజుల్లో విండోస్‌లో స్టికీ కీస్ వాడాను. షిఫ్టు అయిదుసార్లు నొక్కితే వచ్చే ఆ డబ్బానే, మనం విసుక్కుని మూసేస్తాం. ఆన్ చేస్తే షిఫ్టు నొక్కి వదిలేసి, తర్వాత కీ కొట్టొచ్చు. చిటికెన, ఉంగరం వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం మోచేయి టేబుల్ అంచుకు ఆనుతోందేమో చూసుకోండి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికెళ్లండి.

కుడి షిఫ్టు అలవాటయ్యేదాకా మూడు వారాలు నా స్పీడు సగమైంది. ఇప్పుడు లాగడం లేదు. అన్న మాత్రం వదల్లేదు, లోయర్‌కి ఫీజు కట్టమంటున్నాడు.