యూనిఫాం వేసుకోవాలంటే ఏం కావాలి?

ఎఎఫ్‌క్యాట్ నోటిఫికేషన్ పడగానే మన హాస్టల్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది. "మామా, ఏ కోచింగ్ బెటర్?" గేట్‌కి అడిగినట్టే, కోడింగ్ టెస్టులకి అడిగినట్టే దీనికీ అడుగుతాం. ఎంసెట్ రోజుల నుంచి మనకి అలవాటైన దారి అదే కదా! మెటీరియల్ కొను, బిట్లు బట్టీ పట్టు, ర్యాంకు కొట్టు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆఫీసర్ సెలక్షన్, పైలట్ ట్రైనింగ్ ఈ దారిలో దాటగలిగేవి కావు. మనం బీటెక్ నాలుగేళ్ళలో పట్టించుకోకుండా వదిలేసే విషయాలనే అక్కడ తూకం వేస్తారు.

రాతపరీక్ష గురించి రెండు ముక్కలు చాలు. రెండు గంటలు, 100 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. ఇంజినీరింగ్ వాడికి అదేమంత గండం కాదు. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉంటే ఆర్మీ స్పెషల్ ఎంట్రీలో అసలు రాతపరీక్షే లేదు. అసలు జల్లెడ ఆ తర్వాత వచ్చే ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ.

మొదటిరోజు ఒక మసక బొమ్మని 30 సెకన్లు చూపించి కథ రాయమంటారు. తర్వాత గుంపుగా కూర్చోబెట్టి, అందరి కథలూ కలిపి ఒకటి చెయ్యమంటారు. చేపల మార్కెట్‌లా అరుపులు మొదలవుతాయి. ఆ సాయంత్రానికే చాలామంది బ్యాగు సర్దుకుని రైలెక్కేస్తారు. మిగిలినవాళ్ళకి సైకాలజీ పరీక్షలు. 12 కథలు, అందులో చివరిదానికి చూపించేది ఖాళీ తెల్ల స్లైడు. తర్వాత 60 మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు. ఆపైన 30 నిమిషాల్లో 60 సందర్భాలు, "నువ్వైతే ఏం చేస్తావు?" అని. ఇంత తక్కువ టైమ్ ఇవ్వడంలోనే కిటుకుంది. కోచింగ్‌లో నేర్చిన మంచి మాటలు పది ప్రశ్నల దాకా నిలబడతాయి. ఆ తర్వాత చెయ్యి తనకి తెలిసిందే రాస్తుంది.

అక్కడ ముగ్గురు వేరువేరుగా మనల్ని చూస్తారు: సైకాలజిస్టు, ఇంటర్వ్యూ ఆఫీసర్, గ్రౌండ్‌లో టాస్కులు చేయించే జీటీఓ. దీని వెనక సూత్రం మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అనే మాటే, మనసా వాచా కర్మణా. రాసిన కథలో సాహసవంతుడివి, ఇంటర్వ్యూలో వినయవంతుడివి, గ్రౌండ్‌లో మాత్రం పక్కవాడి చేతిలోంచి బల్లీ లాక్కునే రకం అనుకోండి. ఐదోరోజు కాన్ఫరెన్సులో ముగ్గురూ కూర్చుంటే ఆ మూడు బొమ్మలూ అతకవు.

వాళ్ళు వెతికే గుణాలు 15. తెలివి, మాట నేర్పు, సహకారం, బాధ్యత, చొరవ, త్వరగా నిర్ణయం తీసుకోవడం, గుంపుని ఒప్పించడం, ధైర్యం... ఇలా సాగే జాబితాలో నేరుగా ఒంటికి సంబంధించింది ఒక్కటే, దమ్ము. ఆరు నెలలు జిమ్‌కి వెళ్ళి "నేను రెడీ" అనుకునేవాళ్ళు ఆ జాబితా ఒకసారి చదవాలి.

జీటీఓ టాస్కులో ఒక ఫట్టా, ఒక బల్లీ, ఒక తాడు ఇస్తారు. నేల తగలకుండా, ఎరుపు రంగు వేసినవి ముట్టకుండా గుంపంతా అటువైపు చేరాలి. యూట్యూబ్‌లో చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. దాని అసలు రూపం ఏంటో మా కొండపల్లి వాళ్ళకి 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు డైవర్షన్ కాలువకి మా దగ్గర మూడు గండ్లు పడి, బెజవాడలో సింగ్‌నగర్ నీళ్ళలో కూర్చున్న రోజులవి. గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజినీర్లు కూడా వచ్చారు. ఇనప వల బుట్టల్లో రాళ్ళు నింపి ప్రవాహానికి అడ్డం పేర్చారు. పైన వాన, కింద జారే మట్టి, చేతిలో ఉన్న సామాను అంతే, టైమ్ అంతకన్నా తక్కువ. అక్కడ ఒక ఆఫీసరు పని తనొక్కడే పదిమంది బలం చూపించడం కాదు. రాయి మోసేవాడు, లారీ తిప్పేవాడు, ఇరిగేషన్ ఉద్యోగి ఒకరి కాళ్ళకి ఒకరు అడ్డం పడకుండా చూడటం. మనం సివిల్ ల్యాబ్‌లో రీడింగులు కాపీ కొట్టుకుంటూ ఈ విద్య నేర్చుకోలేం.

ఇక పైలట్ సంగతి. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ మనకి పొరుగునే ఉంది, 1971 నుంచి పనిచేస్తోంది. క్యాడెట్ మొదట ఎక్కేది పిలాటస్ పీసీ-7. ముందు సీట్లో క్యాడెట్, వెనక ఇన్‌స్ట్రక్టరు. విమానం ఎక్కకముందే రాత్రి గదిలో కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఏ స్విచ్ తర్వాత ఏ స్విచ్చో చేతులతో గాల్లో అభ్యాసం చేస్తారు. ఎమర్జెన్సీ చర్యలైతే నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. మన బట్టీ విద్య పనికొచ్చే చోటు నిజంగా అదొక్కటే. కాకపోతే పరీక్షయ్యాక మర్చిపోయే వీలుండదు.

ప్రతి సార్టీ తర్వాతా డీబ్రీఫింగ్ ఉంటుంది. ఏం తప్పు చేశావో మొహం మీదే చెప్తారు. నిన్నటి తప్పు ఇవాళ మళ్ళీ కనిపించకూడదు. ఇచ్చిన గంటల్లో ఒంటరిగా ఎగిరే స్థాయికి రాకపోతే ఫ్లయింగ్ ఆపేస్తారు. తెలివి తక్కువై కాదు, నేర్చుకునే వేగం సరిపోక. ఆ గీత దాటినవాళ్ళు ఫైటర్లు, హెలికాప్టర్లు, ట్రాన్స్‌పోర్ట్ అని విడిపోయి హకీంపేట, బీదర్, యలహంక వైపు వెళ్తారు. 2016 జూన్ 18న దుండిగల్ నుంచి ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చిన అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ముగ్గురూ ఇంజినీరింగ్ చదివినవాళ్ళే. రెండేళ్ళు తిరక్కముందే అవని మిగ్-21ని ఒంటరిగా నడిపింది. బ్యాక్‌బెంచ్‌లో కూర్చుని "అవి మనకెందుకులే" అనుకునే అమ్మాయిలకి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నా.

ఒక్క విషయం మాత్రం ఎంత శ్రమపడినా మారదు, కొలతలు. ఫ్లయింగ్‌కి కూర్చున్న ఎత్తు 81.5 నుంచి 96 సెంటీమీటర్లు, కాలి పొడవు 99 నుంచి 120, తొడ పొడవు 64 దాటకూడదు. కళ్ళ సంగతి సరేసరి. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష (సీపీఎస్ఎస్) జీవితంలో ఒక్కసారే. పోతే ఫ్లయింగ్ తలుపు శాశ్వతంగా మూసినట్టే. కాబట్టి కోచింగ్‌కి వేలు కట్టేముందు ఒక టేపు, ఒక కంటి డాక్టరు, ఒక పంటి డాక్టరు, ఈ మూడింటితో మొదలుపెట్టండి. మా సీనియర్ ఒకన్న ఎస్‌ఎస్‌బీలో రికమెండ్ అయ్యి, మెడికల్స్‌లో కలర్ విజన్ దగ్గర ఆగిపోయాడు. ఇరవై రూపాయల పరీక్ష సెకండియర్‌లో చేయించుకుని ఉంటే మూడేళ్ళ కల ఇంకోవైపు తిరిగేది.

అన్నిటికన్నా కష్టమైన ఇంటర్వ్యూ ఇంట్లో ఉంటుంది. "అమెరికా వెళ్తానంటే పొలం అమ్మైనా పంపుతాం. ఇదేంటి నాన్నా?" అంది మా అమ్మ. ఎన్టీఆర్ జిల్లాలో ఇది ఒక్క మా అమ్మ మాటే కాదు. ఆ భయాన్ని పిరికితనం అని కొట్టిపారేసేవాళ్ళంటే నాకు చిరాకు. 2020 జూన్‌లో గల్వాన్‌లో వీరమరణం పొందిన కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట వాడు, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నాడు. యుద్ధం దాకా ఎందుకు, 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలి ఇన్‌స్ట్రక్టరూ క్యాడెట్టూ ఇద్దరూ పోయారు. అది శిక్షణలో భాగంగా ఎగిరిన మామూలు రోజు. ఇవన్నీ అమ్మకి తెలుసు, టీవీలో చూసింది. దాచిపెట్టి "ఏం కాదులే" అంటే నమ్మదు. ప్రమాదం ఉందని ఒప్పుకుని, అయినా ఎందుకు వెళ్తానంటున్నానో చెప్పగలగాలి. అమ్మకి చెప్పలేని కారణం ఇంటర్వ్యూ ఆఫీసరుకి మాత్రం ఏం చెప్తాం? నేను ఫైనల్ ఇయర్‌లో అప్లికేషన్ పెట్టబోతున్నా. మా ఇంట్లో ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

మా ఊళ్ళో బొమ్మలు చేసేవాళ్ళు పొణికి చెక్కని పచ్చిగా చెక్కరు. సన్నని సెగ మీద తడి పోయేదాకా ఆరబెడతారు, లేకపోతే రంగులేశాక పగులుతుందని. ఆ సెగకి షార్ట్‌కట్ లేదు. మనకి నాలుగేళ్ళు ఉన్నాయి. ఎన్‌సీసీలో చేరండి. హాస్టల్ మెస్ కమిటీలో ఎవరూ తీసుకోని పని తీసుకోండి. ఫెస్ట్‌లో స్టేజీ మీద మైకు వదిలేసి, కుర్చీలు సర్దే టీమ్‌ని నడిపి చూడండి. ఓడిన ప్రాజెక్టు గురించి తోటివాళ్ళు మొహం మీద చెప్తుంటే అడ్డు చెప్పకుండా వినడం అలవాటు చేసుకోండి. రేపు ఎస్‌ఎస్‌బీలో బోర్డు ఎక్కడ పడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఇవి చేసినవాడు తిరిగొచ్చినా ఖాళీ చేతులతో రాడు.