ఎవరు చెప్పారో కూడా రాయండి

సంపాదకుల వారికి,

గత సంచికలో రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ‘స్వాన్ లేక్’ గురించి రాసిన భాగం బాగుంది. పేచీ అంతా చివరి పేరాతోనే. ఆయన స్వలింగ ప్రేమికుడనీ, ఆ సంగతి బయటపడుతుందని విషం తాగి చనిపోయారనీ ఒకే వాక్యంలో తేల్చేసి, చివర ‘అని చెబుతారు’ అని తగిలించారు. వీటిలో మొదటిదానికి గట్టి ఆధారం ఉంది, రెండోదానికి లేదు. రెంటినీ ఒకే గాటన కట్టేసరికి నిజం పుకారులా, పుకారు నిజంలా కనిపిస్తున్నాయి.

మొదటి సంగతికి ఆధారం ఆయన చేతిరాతే. తమ్ముడు మొదెస్త్‌ది కూడా అదే స్వభావం. కాబట్టి తమ్ముడి దగ్గర ఆయనకు దాపరికం లేదు. తమ సంతోషానికి ఈ స్వభావమే పెద్ద అడ్డంకి అని 1876లో అతనికి రాశారు, పెళ్లి చేసుకోవాలనుకుంటున్నానని చెప్పారు. 1877 జనవరిలో కోతెక్ అనే యువ వయొలిన్ విద్వాంసుడి మీద తనకున్న ప్రేమ గురించి మళ్లీ ఆ తమ్ముడికే రాశారు. అదే ఏడాది జూలైలో అంతోనినా మిల్యుకోవాను పెళ్లాడి, మూడు నెలలు తిరక్కుండానే విడిగా వెళ్లిపోయారు. ఎవరు రాశారు, ఎవరికి, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకూ ఇక్కడ జవాబుంది.

ఇక విషం కథ. చైకోవ్‌స్కీ 1893లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చనిపోయారు. అప్పుడు ఊళ్లో కలరా ఉంది, చూసిన వైద్యులూ కలరా అనే చెప్పారు. పాత సహాధ్యాయులు పంచాయతీ పెట్టి ఆయన్ని చావమన్నారన్న కథను 1980 ప్రాంతంలో వెలుగులోకి తెచ్చింది అలెగ్జాండ్రా ఓర్లోవా అనే పరిశోధకురాలు. ఆమెకు 1966లో ఒక వృద్ధుడు చెప్పారు. ఆయనకు 1913లో ఒక అధికారి భార్య చెప్పింది. ఆవిడకు తన భర్త చెప్పాడట. కాగితం ముక్క ఒక్కటీ లేదు. పోజ్నాన్‌స్కీ వంటి పరిశోధకులు ఆనాటి డైరీలు, ఉత్తరాలు, పత్రికలు పక్కపక్కన పెట్టి చూసి, ఇది నిలవదన్నారు. మీ వ్యాసం దీన్ని ఆ ఉత్తరాల పక్కనే కూర్చోబెట్టింది.

ఇలా కలిపేస్తే లాభం ఎవరికి? అసలేమీ లేదనేవాళ్లకు. చైకోవ్‌స్కీ స్వలింగ ప్రేమికుడనడానికి ఆధారాలే లేవని 2013లో రష్యా సాంస్కృతిక మంత్రి మెదిన్‌స్కీ అన్నారు. సోవియట్ కాలంలో అచ్చయిన ఉత్తరాల సంపుటాల్లో ఇబ్బందిగా తోచిన వాక్యాలను కత్తిరించారు. విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో సోవియట్ పుస్తకాలు కొనుక్కుని చదివిన మా తరానికి ఆ ముచ్చట తెలిసే దారి లేదు. కుటుంబ పత్రాల్లో దాగిన భాగాలు 2018లో యేల్ విశ్వవిద్యాలయ ప్రచురణగా ఇంగ్లిషులోనూ వచ్చాయి. ఆధారం చూపమని ఎవరైనా అడిగితే ఆ ఉత్తరాలు చూపాలి. విషం కథ చూపిస్తే ఓడిపోతాం.

‘సంగీతం గురించి రాయండి, పడకగది గొడవ మనకెందుకు’ అనే పాఠకులూ ఉంటారు. మరి ఆయన పెళ్లి గురించి రాసినప్పుడు వాళ్లెవరూ అడ్డుచెప్పరే! పైగా ఆ కాపురం చెడడానికి అసలు కారణం దాచిపెడితే ఆ నింద ఎవరి నెత్తిన పడుతుంది? అంతోనినా నెత్తిన. తెలివితక్కువదనీ, పిచ్చిదనీ జీవితకథల్లో ఆమెనే ఆడిపోసుకున్నారు. చివరి ఏళ్లు పిచ్చాసుపత్రిలో గడిపి 1917లో ఆమె కన్నుమూసింది. భర్త ఉత్తరాలను పక్కనపెట్టి ఆ కాపురం గురించి రాయడం ఆమెకు అన్యాయం చేయడమే.

అందరి విషయంలోనూ ఇంత ఆధారం దొరకదు. లియొనార్దో డావిన్చీ మీద 1476లో ఫ్లోరెన్స్‌లో పేరు లేని ఫిర్యాదు ఒకటి పడింది, దాన్ని కొట్టేశారు. ఆ విషయంలో అంతే రాయాలి, తక్కువా కాదు ఎక్కువా కాదు. మన బరోడా చిత్రకారుడు భూపేన్ ఖక్కర్‌ది దీనికి భిన్నం. 1981లో ఆయన గీసిన ‘యూ కాంట్ ప్లీజ్ ఆల్’లో బాల్కనీలో ఒక మనిషి నగ్నంగా నిలబడి, మనందరికీ తెలిసిన తండ్రీ కొడుకూ గాడిదా కథను చూస్తుంటాడు. తాను గే అని ఆయనే చెప్పుకున్నారు. ఆయన గురించి రాసేటప్పుడు గుసగుసలతో పనిలేదు. అలాగే, 2018 దాకా శిక్షాస్మృతి సెక్షన్ 377 కింద స్వలింగ సంపర్కం నేరంగా ఉన్న మన దేశంలో ఎవరి పెట్టెలోనో ఉత్తరాలు దొరకలేదంటే అది ఏ పక్షానికీ రుజువు కాదు.

నేను కోరేది చిన్న పని. ఒక కళాకారుడి ప్రేమ గురించి రాస్తే, అది ఆడమనిషి మీదైనా మగవాడి మీదైనా, ఎలా తెలిసిందో ఒక్క ముక్క చెప్పండి. వినికిడి అయితే ఎవరి నుంచి ఎవరికి చేరిందో రాయండి. బతికున్నవాళ్ల విషయంలో వాళ్లే బయటికి చెప్పుకుంటే తప్ప కలం కదపకండి. ముందుగా, వచ్చే సంచికలో చైకోవ్‌స్కీ ఉత్తరాలనూ విషం కథనూ విడదీసి ఒక సవరణ వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగరం