రేకుకి పేరుంది, చేతికి లేదు

“అంతా ఇంట్లోనే, అంతా చేత్తోనే” అన్న మాటకి ఈమధ్య విలువ బాగా పెరిగింది. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో మైదాపిండిని గుడ్డుతో కలిపి, పలచగా వత్తి, సాసూ చీజూ మధ్య పొరలు పొరలుగా పేర్చి లసాన్యా చెయ్యడం ఇప్పుడొక ఘనత. దుకాణంలో కొన్న పొరలు వాడితే అది వంట కిందికి రాదట. మన గోదావరి లంకల్లో పుట్టిన పొరల తీపి పూతరేకుది కూడా అదే గొప్ప: చేత్తో చేసింది. పొగడ్త రెండు చోట్లా చేతికే. ఆ చెయ్యి ఎవరిది, దానికేం దక్కుతోంది అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా లేదు. చేతివంటని ఆకాశానికెత్తే ఈ భాష, ఆ చేతికి ఇవ్వాల్సిన కూలికీ గుర్తింపుకీ బదులుగా చలామణి అవుతోందని నా వాదన.

ముందు ఆ పనేమిటో చూద్దాం. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా జారుగా కలుపుతారు. ఈ పని కోసమే కుమ్మరి చేసిన కుండని బోర్లించి, దాని కింద ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. సన్నటి గుడ్డని ఆ పిండినీళ్ళలో ముంచి, కాలుతున్న కుండ వీపు మీద ఒక్క లాగు లాగాలి. కాగితం కన్నా పలచని పూత నిలుస్తుంది. వెంటనే చిరగకుండా తియ్యాలి. మంట ఎక్కువైతే మాడిపోతుంది. తక్కువైతే అంటుకుపోతుంది. పిండి కాస్త చిక్కబడితే అది రేకు కాదు, అట్టు. నెయ్యీ, పంచదార పొడో బెల్లమో వేసి మడతపెట్టడం తరవాతి సంగతి. అసలు విద్య అంతా ఆ ఒక్క లాగులో ఉంది. అది మంటకి జానెడు దూరంలో గంటల తరబడి కూచుంటే వస్తుంది. ఆ పొగ కళ్ళకీ ఊపిరితిత్తులకీ ఏం చేస్తుందో కొత్తగా చెప్పక్కర్లేదు.

దీన్ని మనం ఏమంటాం? “ఆడవాళ్ళ చేతి మహిమ” అంటాం. ఇదే పనిని ఒక మగవాడు పెద్ద హోటల్లో తెల్లటోపీ పెట్టుకుని చేస్తే నైపుణ్యం అంటాం, జీతం మాట్లాడతాం. మహిమకి జీతం ఉండదు, దండం ఉంటుంది. లసాన్యా పుట్టిన ఇటలీలో, బొలోన్యా ప్రాంతంలో, పిండిని కర్రతో పలచని పొరగా వత్తే స్త్రీకి “స్ఫోల్యీనా” అని ఒక వృత్తి పేరుంది. మనకి కుమ్మరి ఉన్నాడు, కంసాలి ఉన్నాడు. రేకులు తీసే స్త్రీకి ఏ పేరూ లేదు. “రేకులు తీసేవాళ్ళు” అంటాం. అది చేసే పనిని చెప్పే మాటే గాని వృత్తి పేరు కాదు. పేరుంటే చాలు కూలి పెరుగుతుందని నేననడం లేదు. కానీ పేరు లేని పనికి కూలి అడగడం చాలా కష్టం.

పేరు ఊరికి మాత్రం వచ్చింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు లభించింది. దరఖాస్తు చేసింది సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న తయారీదారుల సంక్షేమ సంఘం. ఆనకట్ట కట్టిన దొర పేరుంది, ఊరి పేరుంది, తీపి పేరుంది. ఇందులో కుట్ర ఏమీ లేదు, చట్టమే అలా ఉంది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం “ఉత్పత్తిదారు” అనే మాటకిచ్చిన నిర్వచనంలో తయారుచేసేవారితో పాటు ఆ సరుకుతో వ్యాపారం చేసేవారు కూడా ఉన్నారు. కుండ ముందు కూచునే మనిషీ, గల్లాపెట్టె ముందు కూచునే మనిషీ ఒకే మాటలో ఇమిడిపోయారు. అలా ఇమిడినప్పుడు ఎవరి గొంతు వినిపిస్తుందో ఆడవాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

గోదావరి డెల్టాకి ఇది కొత్త కథ కాదు. 1982లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద పుస్తకం రాశారు. ఆ స్త్రీలు అల్లిన లేసు విదేశీ మార్కెట్లకి వెళ్ళేది. అయినా లెక్కల్లో వాళ్ళు కార్మికులు కారు, తీరిక వేళల్లో లేసు అల్లుకునే గృహిణులు. గడప దాటకపోవడం పరువుగా భావించే కాపు కుటుంబాల పేద స్త్రీలు, పొలం పనికెళ్ళే దళిత స్త్రీల కన్నా తక్కువ సంపాదిస్తూ వాళ్ళకన్నా పైమెట్టు మీద ఉన్నామనుకున్నారు. ఎగుమతిదారులు మగవాళ్ళయ్యారు. స్త్రీని ముందు గృహిణిగా చెయ్యి, తరవాత ఆమె పనిని చవగ్గా కొను. మీస్ చూపించిన సూత్రం ఇదే. లేసు స్థానంలో రేకు పెట్టి చదవండి.

మన సాహిత్యం ఈ విషయంలో సగం దూరం వచ్చి ఆగింది. విమల “వంటిల్లు” కవిత, సత్యవతి “ఇల్లలకగానే” కథ మనందరికీ దారి చూపినవి. ఆ కథలో ఇల్లలుకుతూ అలుకుతూ ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. వాటిని పాఠాలుగా చెప్పాం, పరిశోధనలు చేశాం. కానీ మన విమర్శకి తెలిసిన వంటిల్లు జీతం లేని వంటిల్లు ఒక్కటే. పొయ్యే కార్ఖానా అయిన స్త్రీ దగ్గరికి వెళ్ళి “వంటింట్లోంచి బయటికి రా” అనడంలో అర్థం లేదు. ఆమెకి పొయ్యే ఉపాధి. స్త్రీల రచనల మీద జరిగిన ఒక సదస్సులో వంటింటి బందిఖానా మీద మూడు పత్రాలు విన్నాం. చివర వక్తలకి తలా ఒక పూతరేకుల డబ్బా ఇచ్చారు. ఆ డబ్బా మీద నాలుగో పత్రం ఉండాల్సింది.

“ఇంటిపట్టున ఉంటూ నాలుగు డబ్బులు వస్తున్నాయి, వేడినీళ్ళకి చన్నీళ్ళు” అంటారు. మంట ముందు కూచున్న మనిషి సంపాదన చన్నీళ్ళట! ఆ మాటలోనే ఉంది మోసం: ఆమెకి తీరిక ఉందని, ఆ తీరికకి వచ్చేది కూలి కాదు, అదనపు లాభమని. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. తీరిక ఎక్కడుంది? “కూలి పెంచితే ధర పెరుగుతుంది, యంత్రాలొస్తాయి, కళ పోతుంది” అని ఇంకో బెదిరింపు. ఆమె కూలిలో కోత పెడితేనే బతికే కళ ఎవరి కళ? పొగ తగ్గించే పొయ్యో, వేడిని పట్టి ఉంచే కుండో వస్తే ఏ సంస్కృతీ కూలిపోదు. సంప్రదాయమంతా ఆమె ఊపిరితిత్తుల మీదే నిలబడాలని ఏ శాస్త్రంలో ఉంది?

అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ఆ 1999 చట్టంలోనే ప్రతి ఉత్పత్తిదారూ అధీకృత వినియోగదారుగా నమోదయ్యే వీలుంది. రేకులు తీసే ప్రతి స్త్రీనీ, ఆమె పేరుతోనే, భర్త పేరుతో కాదు, అలా నమోదు చెయ్యాలి. రేకుల లెక్కన ఇచ్చే కూలికి ఒక కనీస రేటు ఉండాలి. దాన్ని తేల్చే చోట ఆమె కూడా కూచోవాలి. ఇంటి నుంచి పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికని భారతదేశం ఆమోదించలేదు. దాన్ని ఆమోదించమని అడగడం స్త్రీవాదుల పని కాదా?

ఇష్టంతో ఇంట్లో లసాన్యా చేసుకునే స్త్రీ మీద నాకే కోపమూ లేదు. ఆమె ఆ పూట చెయ్యకపోయినా ఇల్లు గడుస్తుంది. రేకు తియ్యకపోతే గడవని స్త్రీ పనిని కూడా అదే మురిపెంతో “ప్రేమతో చేసినవి” అనడం మీదే నా అభ్యంతరం. నర్సాపురం స్త్రీల లెక్క రాయడానికి జర్మనీ నుంచి ఒకరు రావాల్సి వచ్చింది. ఆత్రేయపురం రాజమండ్రి నుంచి ఒక్క బస్సు ప్రయాణం. ఎన్ని రేకులకి ఎంత ఇస్తున్నారు, రోజుకి ఎన్ని గంటలు, ఎవరు నేర్పారు, ఏం దగ్గు వస్తోంది అని వాళ్ళ నోటితోనే విని, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేర్లతోనే రాద్దాం.