సేవకుడు మొదట శిష్యుడు

ఈత రానివాడు, నీట మునుగుచున్నవానిని చూచి జాలిపడి చెరువులో దూకినచో, ఒడ్డున నున్నవారు ఇద్దరిని రక్షింపవలసి వచ్చును. దూకినవాని జాలిని ఎవరును తప్పుపట్టరు. కాని ఆ జాలి వలన మునుగుచున్నవానికి మేలు కలుగలేదు. పైపెచ్చు రక్షించువారి శ్రమ రెట్టింపైనది. పరదేశములకు సేవ చేయబోవు యువతీయువకులు మొట్టమొదట మనస్సున నుంచుకొనవలసిన దృష్టాంతమిది.

ఆఫ్రికా, ఆసియా, దక్షిణ అమెరికా ఖండములలోని అభివృద్ధి చెందుచున్న దేశములకు పోయి, జీతము నాశింపక కొంతకాలము పనిచేసి వచ్చుట గడచిన నూరేండ్లలో పెంపొందిన ఆచారము. 1958లో బ్రిటనులోను, 1961లో అమెరికాలోను ఇందులకై ప్రత్యేక సంస్థలు వెలసినవి. 1970లో ఐక్యరాజ్యసమితియు స్వచ్ఛంద సేవకుల విభాగమును నెలకొల్పినది. నేడు భారతీయులును, విదేశములందు పెరుగుచున్న తెలుగువారి బిడ్డలును ఇట్టి సేవకు పోవుట కలదు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ప్రయాణ సన్నాహము మాట వచ్చునప్పటికి పలువురు విమానపు టిక్కెట్టును, పెట్టెను, ఒక జత గట్టి చెప్పులను మాత్రమే తలచుదురు. మంచి మనస్సున్నది కదా, అది చాలునని తక్కినదానిని విడిచిపెట్టుదురు. ఈ అభిప్రాయము పొరపాటు. చేయి, నాలుక, దేహము, మనస్సు - ఈ నాలుగును సిద్ధపడినగాని పరదేశసేవకు ఎవ్వరును అర్హులు కారు.

మొదటిది చేతి సన్నాహము, అనగా పని నేర్చుట. ఇందులకు ఆల్బర్ట్ ష్వైట్జరు జీవితము చక్కని నిదర్శనము. ఆయన 1875లో ఆల్సేసు ప్రాంతమున జన్మించెను. ముప్పది యేండ్లు వచ్చునప్పటికే తత్త్వశాస్త్రమునందును, క్రైస్తవ మతశాస్త్రమునందును పండితుడై, ఆర్గన్ వాద్యమున ప్రసిద్ధి గాంచెను. మధ్య ఆఫ్రికాలో వైద్యులు లేక ప్రజలు బాధపడుచున్నారని తెలిసికొని, అచ్చటికి పోవ నిశ్చయించెను. తనకు వచ్చిన విద్యలు అచ్చటి రోగులకు అక్కరకు రావు; వారికి కావలసినది వైద్యము. కావున 1905లో, తాను అధ్యాపకుడుగా నున్న స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయముననే వైద్యవిద్యార్థిగా చేరి, తనకంటె ఎంతో చిన్నవారి ప్రక్కన బల్లపై కూర్చుండెను. ఆ చదువు ముగించి, ఉష్ణమండల వ్యాధుల చికిత్సయు నేర్చి, బయలుదేరుటకు దాదాపు ఎనిమిదేండ్లు పట్టెను. ఆయన భార్య హెలెన్ నర్సు పని నేర్చెను. 1913లో సామగ్రి నింపిన 70 పెట్టెలను సమకూర్చుకొని, వారిరువురును నేటి గాబన్ దేశమందలి లాంబరేనే చేరిరి. వారి మొదటి వైద్యశాల ఒక పాత కోళ్లగూడు. శాల చిన్నదే కాని, వైద్యుని చేతిలో విద్య కొరవడలేదు.

ఇచ్చట కొందరొక ఆక్షేపణ చేయుదురు. ఆ ఎనిమిదేండ్లలో లాంబరేనే ప్రాంతమున ఎందరు రోగులు మరణించిరో కదా! దయగలవాడు అంత ఆలస్యము చేయవచ్చునా? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆకలిగొన్నవానికి, రోగికి ఒక్కొక్క దినము ఒక యుగము. అయినను 1905లోనే ఆయన పోయియున్నచో, రోగి ప్రక్కన కూర్చుండి కన్నీరు విడుచుటకంటె ఏమి చేయగలిగియుండెడివాడు? దుక్కి దున్ను దినములలో రైతునకు గింజయైనను చేతికి రాదు. అంతమాత్రమున ఆ దినములు వ్యవసాయము కావని ఎవరందురు? నేర్చుకొనుటకు పట్టిన కాలమును సేవలో భాగమే. విద్య లేనివాడు పోయినచో, వినాయకుని చేయబోవ కోతి యైనట్లు, మేలు చేయబోయి కీడు చేయును.

రెండవది నాలుక సన్నాహము. ఈ విషయమున ష్వైట్జరు కూడ లోపము లేనివాడు కాడు. ఆయన తన శేషజీవితమున అధికభాగమును లాంబరేనేలో గడపి, 1965లో అచ్చటనే మరణించెను. కాని అచ్చటి ప్రజల భాషలను బాగుగ నేర్వక, దుబాసీల మీదనే ఆధారపడెను. తొలినాళ్లలో ఆయనకు తోడ్పడిన దుబాసీ పూర్వము వంటవాడు. కావున అతడు మనుష్యుల అవయవములను వంటయింటి మాంసపు ముక్కల పేర్లతో చెప్పెడివాడట. రోగికి కాలు నొప్పి యని చెప్పవలసివచ్చినచో, గొర్రెతొడ నొప్పిగా నున్నదని చెప్పెడివాడు! ఈ సంగతిని ష్వైట్జరు తన గ్రంథమున ముచ్చటగా వ్రాసినాడు. చదువరికి నవ్వు వచ్చును. కాని తన బాధను తన మాటలలో వైద్యునికి చెప్పుకొనలేని రోగికి అది నవ్వులాట కాదు.

దీనికి ఎదుట ద్వారకానాథ్ కోట్నీసు చరిత్రము నుంచి చూడవలయును. చీనాపై జపాను దండెత్తిన కాలమున, 1938లో, భారత జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను చీనాకు పంపెను. షోలాపురమున పుట్టిన కోట్నీసు వారిలో నొకడు. అప్పటికి ఆయనకు ముప్పది యేండ్లు నిండలేదు. వైద్యము నేర్చియుండెను, కాని భాష నేర్చుకొని పోవుటకు వ్యవధి లేకుండెను, యుద్ధము ఎవరి కొరకును ఆగదు గదా! అచ్చటికి పోయిన పిదప ఆయన చీనాభాషను శ్రద్ధతో అభ్యసించెను. గాయపడిన సైనికులతో వారి మాటలలోనే మాటాడెను. చీనా విద్యార్థులకు వారి భాషలోనే వైద్యము బోధించెను. 1941లో బెథ్యూన్ అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు అధిపతి యయ్యెను. 1942 డిసెంబరు 9వ తేదీన, ముప్పదిరెండేండ్ల ప్రాయమున, చీనాలోనే కన్నుమూసెను. షీజియాజువాంగ్ నగరమందలి ఆయన సమాధిని చీనా ప్రజలు నేటికిని గౌరవించుచున్నారు. వ్యవధి లేనివాడు సైతము భాషను నేర్చినప్పుడు, వ్యవధి గలవారు నేర్వకుండుటకు చెప్పదగిన కారణమేమి యుండును?

వయస్సు మీరినదను సాకును చెల్లదు. అమెరికాకు తరువాత అధ్యక్షుడైన జిమ్మీ కార్టరు తల్లి లిలియన్ కార్టరు, 1966లో, 68 ఏండ్ల ప్రాయమున, పీస్ కోర్ అను శాంతిదళమున చేరి బొంబాయి చేరువకు వచ్చెను. ఆమె అనుభవము గల నర్సు. అయినను బయలుదేరుటకు ముందు బడిపిల్లవలె కూర్చుండి మరాఠీ నేర్చెను. ఆ దళపు తొలి బృందము 1961 ఆగస్టులో ఘనా రాజధానియైన ఆక్రా నగరమున విమానము దిగినప్పుడు, అచ్చటివారి దేశభక్తి గీతమును వారి త్వీ భాషలోనే పాడెను. ఒక్క పాట పాడినంతమాత్రమున భాష వచ్చినట్లు కాదు. కాని వచ్చినవారు తమ భాషను గౌరవించి నేర్చుచున్నారని ఆతిథ్యమిచ్చువారికి తెలిసినది. నేటికిని ఆ దళమున చేరువారు సుమారు 27 నెలల కాలములో మొదటి మూడు నెలలను శిక్షణకే వినియోగింతురు.

మూడవది దేహ సన్నాహము. ఇది తన ప్రాణరక్షణకు మాత్రమే యని కొందరు తలతురు. అది సగము మాత్రమే నిజము. ఘనా, గాబన్ మొదలగు దేశములకు పోవువారు ఎల్లో ఫీవరు అను జ్వరమునకు టీకాను ప్రయాణమునకు కనీసము పది దినములు ముందుగా వేయించుకొనవలయును. ఆ దేశములనుండి ఆ టీకాపత్రము లేక భారతదేశమునకు వచ్చువారిని ఆరు దినములవరకు వేరుగా నిలిపియుంచుదురు. ఇందులకు కారణము కలదు. ఆ జ్వరమును వ్యాపింపజేయు ఈడిస్ జాతి దోమ భారతదేశమున విస్తారముగ నున్నది. ఆ జ్వరము మాత్రము లేదు. నిర్లక్ష్యముగ తిరిగివచ్చిన ఒక్క యాత్రికుడు దానిని వెంట తెచ్చినచో కోట్ల ప్రజలకు ముప్పు.

వ్యాధి పోవువాని వెంటను పోవచ్చును. 2010 జనవరిలో హైతీ దేశమున ఘోరమైన భూకంపము సంభవించెను. ఆ దేశమున ఐక్యరాజ్యసమితి పక్షమున శాంతిరక్షక సైనికులు ఉండిరి. ఆ సంవత్సరము అక్టోబరులో, వారి శిబిరములలో నొకదాని మురుగు నదిలో కలియుటచే కలరా వ్యాపించెను. దాదాపు పదివేలమంది మరణించిరి. 2016లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హైతీ ప్రజలను క్షమాపణ కోరెను. ఆ సైనికులలో ఎవరికిని కీడు తలపెట్టు బుద్ధి లేదు. మరుగుదొడ్డి మురుగు ఎచ్చటికి పోవుచున్నదో సరిగా చూడకపోయిరి, అంతే. మేలు చేయ వచ్చినవారి వలన వేలకొలది గృహములలో దీపములు ఆరిపోయినవి. కావున టీకాలు వేయించుకొనుట, కాచిన నీరు త్రాగుట, దోమతెర వాడుట, మురుగును శుభ్రముగ తొలగించుట - ఇవి చిన్నపనులని సేవకుడు తలంపరాదు. అవి ఆతిథ్యమిచ్చువారి ప్రాణములకు సంబంధించినవి.

నాలుగవది మనస్సు సన్నాహము. అన్నిటికంటె కష్టమైన దిదియే. 1961 అక్టోబరులో నైజీరియాలోని ఇబాడాన్ నగరమున ఒక సంఘటన జరిగెను. శాంతిదళమునకు చెందిన ఒక యువతి, అచ్చటి బీదతనమును, వీధుల మురికిని గూర్చి స్వదేశమందలి మిత్రునికి ఒక కార్డు వ్రాసెను. ఆ కార్డు అచ్చటి విద్యార్థుల చేతబడెను. వారు దానికి నకళ్లు వ్రాసి పంచి, తమ దేశమునకు అవమానము జరిగినదని నిరసన తెలిపిరి. ఆమె విచారించి, క్షమాపణ చెప్పుకొని, స్వదేశమునకు వెడలిపోయెను. ఆమెకు శిక్షణ లేకపోలేదు, దురుద్దేశమును లేదు. అయినను, ఇంటికి వచ్చిన అతిథి తమ గృహమందలి లేమిని గూర్చి మరియొకరికి వ్రాసినది చదివినచో గృహస్థుని మనస్సు ఎట్లుండును? నేడు కార్డుకు బదులు చేతిలో సెల్‌ఫోను కలదు. చిరిగిన చొక్కా తొడిగిన బిడ్డ ప్రక్కన నిలిచి ఫోటో తీయించుకొని నలుగురికి పంపుట నిమిషములో పని. ఆ బిడ్డ తల్లి ఆ ఫోటోను చూచినచో ఏమనుకొనునని ముందుగా యోచింపవలయును. బీదతనము వేరు, తక్కువతనము వేరు. ఈ భేదము తెలియనివాడు ఎంత పని చేసినను చేసిన మేలు నిలువదు. ష్వైట్జరంతటివాడు కూడ ఆఫ్రికా ప్రజలను తమ్ములుగా, తనను అన్నగా భావించెనని విమర్శకు గురియయ్యెను. సేవించువాడు అన్న కానక్కరలేదు. అతిథియు శిష్యుడునైన చాలును.

శిష్యుడు మొదట అడిగి తెలిసికొనును. మీకు కావలసిన దేమి? మీరు చేసికొనలేనిది, నేను చేయగలది ఏమైన ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలు అడుగకపోవుటచే ఎన్నో అనర్థములు కలిగినవి. పని లేని తాపీమేస్త్రీలు ఉన్న ఊరికి తాపీపని తెలియని విద్యార్థులు పోయి గోడ కట్టినచో, గోడ వంకర యగును, మేస్త్రీ కూలి పోవును. కాంబోడియా, నేపాళ దేశములలో, విదేశీ సేవకులు తెచ్చు సొమ్మునకు ఆశపడి, తల్లిదండ్రులున్న బిడ్డలనే అనాథలుగా చూపు ఆశ్రమములు కూడ వెలసినవి. రెండు వారములు ముద్దుచేసి వెడలిపోవువారిని చూచి చూచి, ఆ పసివారి మనస్సులు మరింత గాయపడుచున్నవి. సేవకునికి అది ఒక మధురస్మృతి; బిడ్డకు అది మరియొక వియోగము.

అట్లని కొలదిదినముల సేవ యంతయు నిష్ప్రయోజనమని చెప్పరాదు. కంటి శస్త్రచికిత్స తెలిసిన వైద్యుడు పదిదినములలో పలువురికి చూపు ప్రసాదింపగలడు. స్థానిక వైద్యునికి ఆ పద్ధతి నేర్పినచో, ఆయన వెడలిన పిదపను చికిత్స సాగును. కాలము కొలదియైనప్పుడు విద్య గొప్పది కావలయును. విద్య కొలదియైనచో కాలమైనను, వినయమైనను ఎక్కువగా నుండవలయును. ఏదియు లేనివాడు ప్రయాణమునకు వ్యయము చేయు ధనమును అచ్చటి పాఠశాలకు పంపుటయే మేలు.

సేవ మంచిదా కాదా యని నిర్ణయించుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. సేవకుడు తిరిగివచ్చిన సంవత్సరమునకు ఆ యూరిలో ఏమి నిలిచియున్నదో చూడవలయును. అతడు నేర్పిన పనిని అచ్చటివారు తామే చేసికొనుచున్నచో ఆ సేవ ఫలించినది. అతని ఫోటోలు మాత్రమే నిలిచియున్నచో అది విహారయాత్ర.

ఇట్టి ప్రయాణము ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు ఇప్పుడే లభింపదు. కాని సన్నాహమునకు ఇది తగిన వయస్సు. ఒక పనిని చేతులారా చక్కగా నేర్చుట, పొరుగువారి భాషను తప్పులు పోయినను సిగ్గుపడక మాటాడుట, శరీరమును పరిశుభ్రముగ నుంచుకొనుట, తమకంటె లేనివారి యింటికి పోయినప్పుడు వారు పెట్టిన మజ్జిగను వంక పెట్టక త్రాగుట - ఇవి నేర్చుటకు విమానమెక్క నక్కరలేదు. ఊరిలోనే నేర్చుకొనవచ్చును. ఈ నాలుగును ఇచ్చట అలవడినవారు ఏనాడో సముద్రము దాటి పోయినను, అచ్చటివారికి బరువు కారు.